వంటింట్లో పరిచిన చాప

క్లాతెన్,
27 జూన్ 2024

ప్రియమైన చెల్లెలు సరినెంకు,

అస్సలాము అలైకుం. లాంపుంగ్‌లో నువ్వూ, మరిదిగారూ, మీ మిరియాల తోటా అల్లా దయవల్ల చల్లగా ఉన్నారని తలుస్తాను. ఫోన్ చేయొచ్చుగా అంటావు. నీకు సరిగ్గా వినబడదు, నాకు అరిచే ఓపిక లేదు. అందుకే ఈ ఉత్తరం.

మన యూలి పెళ్లి బాగా జరిగింది. నువ్వు రాలేదన్న లోటు ఒక్కటే. అయితే నేను రాయాలనుకున్నది మనవరాలి గురించి కాదు, దాని తల్లి గురించి. ‘పడక కోడలు’ అని నువ్వు వెక్కిరిస్తావే, ఆ నా కోడలు పార్తిని గురించే.

ఆ కరోనా జ్వరం మా ఇంటిల్లిపాదికీ వచ్చింది కదా. అందరం లేచి తిరిగాం, పార్తిని లేవలేదు. ఒకరోజు కూర వండితే మర్నాడు దువ్వెన ఎత్తడానికి కూడా చేయి రాదు. ఆసుపత్రిలో అన్ని పరీక్షలూ చేసి రిపోర్టులు బాగున్నాయన్నారు. బాగున్నవి రిపోర్టులే.

మన ఊరి సంగతి నీకు చెప్పాలా? పెళ్లింటి వంటకు ఆడవాళ్లంతా రెవాంగ్ సాయానికి వెళ్లాలి. మనం వెళ్లకపోతే మనింటికి ఎవరూ రారు. జ్వరం వచ్చినప్పటినుంచి పార్తిని ఏ ఇంటికీ వెళ్లలేదు. నేనూ వయసు పైబడిందని మానేశాను. ఇక మా ఇంటికి ఎవరొస్తారని నాకు అన్నం సయించలేదు.

పార్తిని మాత్రం పెళ్లి వంటల రోజు పొద్దున్నే వంటింటి మధ్యలో పెద్ద చాప పరిపించింది. పెళ్లికూతురి తల్లి అందరి ముందూ పడుకుంటే నవ్విపోతారు, గదిలోకి పొమ్మన్నాను.

“గదిలో ఉంటే నేను రాలేదంటారు అత్తయ్యా. ఇక్కడుంటే పని చేస్తున్నానని కనబడుతుంది” అంది.

అనుకున్నట్టే పక్కింటి పైజెం ఒక్కతే వచ్చింది, అదీ చూసిపోదామని. “మహారాణిగారు పడుకుంటే మేం వండిపెట్టాలా?” అంది గుమ్మంలోనే.

“మహారాణులు మంచం దిగరు పైజెమక్కా. నేను దిగాను. కత్తి తెచ్చావా?” అంది పార్తిని.

పక్కకు ఒత్తిగిల్లి ఉల్లిపాయలు వలుస్తోంది. చేయి వాలిపోతే కళ్లు మూసుకుంటుంది, తెరిచి మళ్లీ వలుస్తుంది. సాకు చెప్పలేదు, సిగ్గుపడలేదు. దాన్ని చూస్తే నాకెంత గర్వంగా అనిపించిందో! నేనూ బుట్ట లాక్కుని పక్కన పడుకున్నాను.

అది చూసి పైజెం, “అత్తాకోడళ్లు హాయిగా పడుకుంటే నేనొక్కదాన్నే నిలబడాలా?” అంటూ తనూ చాప మీద వాలింది. అక్కణ్ణుంచే ఇంటింటికీ కబురు పంపింది. సాయంత్రానికి వంటిల్లు నిండిపోయింది. జెనాంగ్ మిఠాయి కలియబెడుతూ కొందరు, కొబ్బరి కోరుతూ కొందరు, చాప మీద చేరి కబుర్లు చెబుతూ కొందరు.

యూలి పెళ్లయిన దగ్గర్నుంచి పార్తిని మంచం దిగలేదు. ఇలా అవుతుందని తెలిసే చేసింది. ఇంకెప్పుడూ దాన్ని ఆ మాట అనకు, సరినెం.

మీ క్షేమం కోరే అక్క,
తుమినా

తా.క.: కోడలికి తోడుగా పడుకున్నానని ఊరంతా నన్ను మెచ్చుకుంటోంది. నీకు మాత్రం నిజం చెబుతాను. నిలబడలేక పడుకున్నాను. ఆ జ్వరం నన్నూ వదల్లేదు. ఇన్నాళ్లూ వయసు పేరు చెప్పి అందరి దగ్గరా దాచాను. పార్తిని దగ్గర దాగినట్టు లేదు. ఆ చాప మీద అది ముందే రెండు దిండ్లు వేయించి పెట్టింది.