ఏడో నంబరు పంది స్థానం

మహారాజశ్రీ పరిశోధనశాల డైరెక్టరు గారి సముఖమునకు, జంతువుల విభాగంలో పందులను కడిగి మేపు అటెండరు వ్రాసుకొన్న అర్జీ.

విషయం: నా కుమార్తెను పందిగా నమోదు చేసుకొనుటకు అనుమతి కోరుట గురించి.

అయ్యా,

1. సూదితో పని లేకుండా మింగే ఇన్సులిన్ మాత్రను తమ ఆధ్వర్యంలో పందులపై పరీక్షిస్తున్న సంగతి తమకు విదితమే. ఇన్సులిన్‌ను ఊరికే మింగితే కడుపు దాన్ని అన్నంతో పాటే అరిగించేస్తుందనీ, ఈ మాత్ర మాత్రం పైపూత వల్ల పేగుల దాకా భద్రంగా చేరుతుందనీ వచ్చిన పెద్దలకు తమరు చెబుతుండగా, చీపురు పట్టుకుని నేనూ విన్నాను. మాత్రను అరటిపండులో పెట్టి పందులకు తినిపించేది నేనే. అవి పండు తిని నా చెయ్యి నాకుతాయి.

2. నా కుమార్తెకు తొమ్మిదేళ్లు. చక్కెర జబ్బు. పూటపూటకూ సూది. తొడలూ పొట్టా గడ్డలు కట్టి సూది దిగడం లేదు. సూది చూస్తే చాలు, మంచం కిందికి దూరుతుంది. కాళ్లు పట్టి బయటికి ఈడుస్తాను. మా ఆవిడ కాళ్ల మీద కూర్చుంటుంది, నేను పొడుస్తాను. పోయిన వారం నేను డ్యూటీలో ఉండగా, సీసాలోని ఇన్సులిన్‌ను మురిక్కాలువలో పారబోసి, నాన్న సూది వేసే వెళ్లాడని వాళ్లమ్మకు అబద్ధం చెప్పింది. మర్నాటికి స్పృహ తప్పింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ, "ఇంకోసారి ఇలా తీసుకొస్తే నా చేతుల్లో ఏమీ ఉండదు" అన్నది.

3. పందిని చెవి పట్టి లాగినందుకు "జంతువులకు బాధ కలిగించరాదు" అని నాకు మెమో ఇచ్చియున్నారు. తప్పే. ఇంట్లో నేను చేసేదానికి ఇంతవరకు ఏ మెమో రాలేదు.

4. తమ గదికి వచ్చి కాళ్లావేళ్లా పడగా తమరు, "మనుషులకివ్వడానికి ఇంకా అనుమతి రాలేదయ్యా, ఏళ్లు పడుతుంది. మీ అమ్మాయి పంది కాదు కదా!" అని సెలవిచ్చారు. గదిలో అందరూ నవ్వారు. ఉద్యోగం పోతుందేమోనని నేనూ నవ్వాను. ఆ నవ్వు నవ్వినందుకు నన్ను చెప్పుతో కొట్టాలి.

5. తమరు సెలవిచ్చిన ఆ ఒక్క అడ్డంకి తొలగించుకొను నిమిత్తం ఈ అర్జీ. ఏడో నంబరు పంది న్యుమోనియాతో చచ్చినందున దాని గది ఖాళీగా ఉన్నది. పిల్ల తూకం తక్కువ, నేను మేపుకుంటాను. చెవులు ఇదివరకే కుట్టించి ఉన్నవి గనుక నంబరు బిళ్లకు ఇబ్బంది లేదు.

6. పరీక్ష ముగిశాక లోపల ఏం జరిగిందో చూచుటకు పందులను కోయుదురని ఎరుగుదును. ఆ షరతు గురించి అప్పుడు బతిమాలుకుంటాను. అప్పటిదాకా కొన్ని నెలలైనా పిల్ల మంచం మీద నిద్రపోతుంది గదా.

దయతో చిత్తగించి, ఏడో గది వేరే పందికి ఇవ్వకముందే ఉత్తర్వు దయచేయించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
పందుల అటెండరు

తా.క.: రాస్తుంటే పిల్ల నా భుజం మీంచి అంతా చదివేసింది. ఆరో అంశం చేత్తో మూసేలోపే చదివింది.

"నాన్నా, కోసేముందు పందికి మత్తిస్తారా?"

"ఇస్తారమ్మా. నొప్పి తెలీదు."

"ఎలా ఇస్తారు?"

"సూదితో."

"అయితే నాకొద్దు" అంది.

కాబట్టి అయ్యా, పంది స్థానం ఇప్పించి, ఆ చివరి సూది ఒక్కటి లేకుండా చూడగలరు.