పద్మ తలకి ఏ దారి?

నువ్వు పిరికివాడివి అన్నయ్యా. "మీ ఇష్టమండి" అని డాక్టరుకి తల అప్పగించావు. పుర్రె తెరిచారు. నువ్వు జగ్గయ్యపేట తిరిగి రాలేదు.

ఇప్పుడు నీ కూతురు పద్మకీ మెదడు అడుగున అదే గడ్డ. చూపు తగ్గుతోంది. పుర్రె తెరిస్తే మెదడుని పక్కకి జరపాలట. ముక్కులోంచి వెళ్తే మెదడు చుట్టూ ఉండే నీరు కారొచ్చట. "ఏ దారిన చెయ్యమంటారు?" అని డాక్టరు నన్నే అడిగాడు. నందిగామ సెంటర్లో మీటింగు పెడితే మైకు వదలని నేను, భయంతో "మీ ఇష్ట..." అనబోయాను. పద్మ గట్టిగా గిల్లింది.

"తల నాది బాబాయ్! నువ్వూ నాన్నలా అనకు."

రేపు డాక్టర్ని అడగాల్సినవి రాశాను:

ఈ గడ్డకి ఏ దారి మంచిదో, ఎందుకో చెప్పాలి.
ఆ దారిన మీరు ఎంతమందికి చేశారో చెప్పాలి.
వాళ్లలో ఎంతమందికి చూపు దక్కిందో చెప్పాలి.
నాకు కాదు, పద్మకి చెప్పాలి.