ఆ కొత్త వాచీకి డబ్బు కట్టాకండి

మన జాయ్స్ వాళ్ల నాయనా,

గని నుంచి మీరొచ్చే శనివారమే నాకు మళ్లా ఆస్పత్రి డ్యూటీ పడింది. అన్నం, పప్పు మూత పెట్టి ఉండాయి, తినండి.

ఆ ఇంటర్నెట్‌లో చూసిన వాచీకి మాత్రం డబ్బు కట్టాకండి. మీ చొక్కా ఉతికేటప్పుడు జేబులో అది అమ్మేవాని నంబరు దొరికితే ఫోన్ చేసినా. "బిల్లు ఇస్తావేమప్పా?" అంటే, "డబ్బా ఇస్తాం మేడం, వాచీలో దుమ్ము కూడా దూరదు" అన్నాడు. సీరియల్ నంబరు అడిగితే ఫోన్ పెట్టేసినాడు. రెండు లక్షల ఫారిన్ వాచీ ఎనిమిది వేలకు ఎవరిస్తారు? మీ గని ఓనరు చేతికి చూసి ఆశపడినారు, తెలుసు. కావాలంటే ఇద్దరం అంగడికి పోయి, వారంటీ కార్డుతో మామూలుది కొందాం.

మా నాయన పెట్టిన పెండ్లి వాచీకి పొద్దున్నే కీ ఇచ్చినా. టేబుల్ మీద ఉండాది.

జయశీల

తా.క.: గనిలో ఎర్రదుమ్ము దూరుతాదని ప్రతి సోమవారం ఆ పెండ్లి వాచీ విప్పి నా చేతిలో పెట్టి పోతారు. మీరొచ్చేవరకు రోజూ కీ ఇచ్చి, చెవి దగ్గర పెట్టుకొని వింటా. దుమ్ము దూరని వాచీ నిజంగానే వచ్చిందనుకోండి, దాన్ని కట్టుకొనే పోతారు. అప్పుడు నా చేతిలో ఏం పెట్టి పోతారు?