క్యామ్‌షాఫ్ట్ మార్చిన ఆషాఢం

శాలిబండ, హైదరాబాద్
16 జూలై 2025, బుధవారం

చిరంజీవి సౌభాగ్యవతి కోడలు సుజనకు నీ అత్త చంద్రమ్మ దీవించి రాయునది.

మీ బాపు మోకాలి నొప్పి తగ్గిందా? మీ అమ్మకు షుగర్ ఎట్లుంది, గోలీలు మరువకుండా వేసుకుంటున్నదా? కంటి ఆపరేషన్ అయింది కదా, మీ నానమ్మను పొయ్యి దగ్గర కూర్చోవద్దని చెప్పు. నువ్వు సరిగా తింటున్నావో లేదో. మీ ఆయన సాగర్‌కు కొద్దిగా దగ్గు. డీజిల్ పొగకేలే అంటాడు, నాకేమో ఫికర్.

ఆషాఢమని పుట్టింటికి పోయేటప్పుడు నువ్వు వెనక్కి తిరిగి చూడలేదు. అప్పటి నుంచి రాత్రిళ్లు నాకు కంటి మీద కునుకు లేదు. నువ్వు అడుగు పెట్టిన వారానికే మన లారీ ఘాట్ ఎక్కలేక ఆగింది, కోడలి పాదం మంచిది కాదని గల్లీలో అన్నారు. నువ్వు విన్నావు. శ్రావణం వచ్చినా రావేమోనని భయం. ఫోన్‌లో అడుగుదామంటే పక్కన ఎవరో ఒకరు ఉంటారు.

మొన్న సామ్యూల్ మిస్త్రీ షెడ్డులో ఇంజన్ విప్పారు. చాయ్ పట్టుకుపోయి నేనూ చూశాను. క్యామ్‌షాఫ్ట్ అంటే ఒక ఇనుప కడ్డీ, దాని పొడవునా కోడిగుడ్ల లాంటి బొడిపెలు. అవి తిరుగుతూ పైనున్న మూతలను లేపితేనే ఇంజన్ ఊపిరి తీసుకుంటుందట. అందులో ఒకటి వాడిన సబ్బుబిళ్లలా అరిగిపోయింది. సాన పట్టించి అదే వేద్దామన్నాడు మీ మామ. "శివన్నా, నీ పెండ్లినాటి అంగీకి ఇస్త్రీ చేసినట్టుంటది, ఏసుకుంటవా?" అన్నాడు సామ్యూల్. తుక్కు లారీది తెద్దామన్నాడు సాగర్. అది ఎట్ల బతికిందో మనకేం ఎరుక అన్నాడు మిస్త్రీ. కొత్తదే తేవాలట. "కొత్తది ఏస్తే ఆ బొడిపెలకు ఆనే ట్యాపెట్ బిళ్లలు గూడ కొత్తయే ఏయాలె. పాతయి పాతదానితోని అరిగి సర్దుకున్నయ్. గవే పెడితే కొత్తదాన్ని కొరికి తింటయ్."

ఆ మాటకు మీ మామ తల దించుకున్నాడు. నా చేతిలో చాయ్ చల్లారిపోయింది.

ఆషాఢంలో కొత్త సామాను వద్దని మొత్తుకున్నాను. "నా షెడ్డుకు ఆషాఢం లేదమ్మా, మేం చర్చికి పోయెటోళ్లం" అని నవ్వి, సామ్యూల్ కొత్తదే బిగించాడు.

మధ్యాహ్నం కాసేపు నడుం వాలిస్తే చాలు, ఆ కొత్త కడ్డీ నా కళ్లలో తిరుగుతుంది. చిక్కటి నూనెలో, చీకట్లో, మెల్లగా. ఒక గుడ్డు లేస్తుంది, ఒకటి వాలుతుంది, ఇల్లంతా ఊయలలా ఊగుతుంది. లాల్‌దర్వాజ బోనాల డప్పులు ఎక్కడో నీళ్ల అడుగున మోగినట్టు. వాటి మధ్యలో మెట్ల మీద నీ పట్టీల చప్పుడు. లేచి చూస్తే ఫ్యాన్ తిరుగుతూ ఉంటుంది.

నీ రాక కోసం చూసే
అత్త చంద్రమ్మ

తా.క. ఉత్తరం మడుస్తుంటే మీ మామ ఆ అరిగిన కడ్డీని తెచ్చి అరుగు మీద పెట్టాడు. గల్లీ ఆడవాళ్లను పిలిచి, బొటనవేలితో తడిమి చూడమన్నాడు. "వారంల అరిగే ఇనుమా ఇది? పెండ్లికి ముందే టకటక నేను విన్న. ఇంజన్ ఇప్పితే పైసలన్ని దానికే అయి పెండ్లి ఎనుకకు పోతదని ఎవ్వరికీ చెప్పలే. పిల్లను అంటుంటే గూడ నోరు ఇప్పలే" అన్నాడు. ఇంట్లో నాకూ అప్పుడే తెలిసింది. ఆ మాట నీ ముందర తానే చెబుతాడట. అమావాస్య దాటిన తెల్లారి, జూలై 25, శుక్రవారం, శ్రావణం మొదటి రోజు, ఆ లారీలోనే మీ ఇంటికి వస్తున్నాం.