ఆళ్లగడ్డ దాకా వెళ్లిన నా గొంతు

మంగళవారం, నంద్యాల

సుజాతక్క చీరల షాపు వీడియోలను ఏ ఊరివాళ్లు ఎక్కువ చూస్తున్నారో వారం వారం కంప్యూటర్లో చూసి, తర్వాతి ప్రకటన ఎటు పంపాలో చెప్పడం నా పని. ఈ రోజు చూస్తే ఆళ్లగడ్డ అన్నిటికన్నా పైనుంది. అదీ నేను ముఖం చూపించకుండా, చీర మడతలు విప్పుతూ మాట్లాడిన వీడియోకే.

అక్క సంబరపడింది. "నీ గొంతుకే గిరాకీ మే! ఇంగ ప్రకటనలన్నీ ఆళ్లగడ్డకే పంపు."

ఆళ్లగడ్డలో నా భర్త ఉన్నాడు. తలుపు గడియ పెట్టి కొట్టేవాడు. నేను నంద్యాలలో ఉన్నట్టు అతనికి తెలియదు. ఇన్నాళ్లూ అక్కకు చెప్పని ఆ సంగతి ఇక చెప్పక తప్పలేదు.

అక్క ముఖం మాడిపోయింది. "ముందే చెప్పకూడదా మే? తీసెయ్ దాన్ని."

తీసేయబోతూ కింద కామెంట్లు చూశాను. ఫొటో లేని ఖాతా నుంచి ఎవరో రాశారు: "ఈ గొంతు నాకు తెలుసు. షాపు యాడుంది?"

దాని కింద పొద్దున్నే అక్క ఇచ్చిన జవాబు ఉంది: "నంద్యాల బస్టాండు ఎదురు సందులో అన్నా, తప్పకుండా రాండి."

అతనే అయ్యుంటాడా? ఏ ఊరో చెప్పే కంప్యూటర్ ఎవరో చెప్పదు. వీడియో తీసేశాను. చదివినవాళ్లు చదివే ఉంటారు.

"రేపు నువ్వు షాపుకు రావద్దు. ఎవడొస్తాడో నేను చూస్తా," అంది అక్క.

రేపు వెళ్లను. ఎల్లుండి?