నలభై ఇళ్లకు ఒక్కటే నంబరు

ఏప్రిల్ 12, 1999

సువార్తమ్మకు లోన్ ఇవ్వరట.

మా కోడలు. కుట్టుపని చేస్తుంది. బాచుపల్లిలో ఒక స్కూలు వాళ్లు యూనిఫారాలు కుట్టడానికి ఇస్తామన్నారు. బట్ట అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషన్ ఉంటేనే. దానికోసం హైటెక్ సిటీ రోడ్డులో కొత్తగా పెట్టిన బ్యాంకుకు వెళ్లాం. లోపల ఒకటే చలి. కౌంటర్‌లో రాబిన్ అనే అబ్బాయి, నేను కాదు తాతా, కంప్యూటర్ మార్కులేస్తది, మీకు తక్కువ పడ్డయి అన్నాడు. ఎందుకు తక్కువ అని అడుగుదామనుకున్నాను. సువార్తమ్మే అడిగింది. అది మాకు గూడ చెప్పదక్కా అన్నాడు.

వాళ్లకు కూడా చెప్పదట!

ఏప్రిల్ 13

నాలుగో తరగతిలో మా పంతులు కొట్టేవాడు. ఎందుకు కొడుతున్నాడో చెప్పి మరీ కొట్టేవాడు.

ఏప్రిల్ 18, ఆదివారం

చర్చి బయట రాబిన్ కనిపించి మెల్లగా చెప్పాడు. అడ్రసట.

మా బస్తీలో నలభై ఇళ్లు. స్థలం ఒకరిదే కాబట్టి ఇంటి నంబరూ ఒక్కటే. ఉత్తరాలన్నీ ఓబులమ్మ కిరాణా కొట్టుకు వస్తాయి. ఆమె పంచుతుంది. మాకది అలవాటు. మా బస్తీలో కిరాయికి ఉన్న తిరుపతి అనేవాడు టీవీకి లోన్ తీసుకుని, కట్టకుండా పోయాడు. కంప్యూటర్‌కు నలభై ఇళ్లూ తిరుపతి ఇల్లే.

ఓబులమ్మ కూడా కొట్టులో కూల్‌డ్రింకులకని ఫ్రిజ్ లోన్ అడిగి ఉంది. ఆని టీవీల మనం ఒక్క బొమ్మన్న సూసినమా అని తిట్టింది.

ఏప్రిల్ 24

మియాపూర్ అపార్ట్‌మెంట్‌లో ఉండే భ్రమరాంబ గారికి సువార్తమ్మ జాకెట్లు కుడుతుంది. అయ్యో, దానికేముందమ్మా, మా ఫ్లాట్ నంబరు వేసెయ్యి, మా ఇంట్లోనే ఉంటున్నావని నేను చెప్తాగా అన్నారట. మంచి మనిషే. నాకు నచ్చలేదు. సువార్తమ్మ ఆ నంబరే వేసి మళ్లీ అప్లికేషన్ పెట్టింది.

మే 3

పాసైంది.

అదే మనిషి. అవే చేతులు. సంపాదన కూడా అదే. మిషన్ జూన్ మొదట్లో వస్తుందట. సువార్తమ్మ నవ్వుతూ, మామా, నేనిప్పుడు అపార్ట్‌మెంట్ దొరసానిని, ఇయ్యాల చాయ్ నువ్వే పెట్టాలె అంది. పెట్టాను. కోపం తగ్గలేదు. ఎందుకంటే పొద్దున్నే ఓబులమ్మకు కూడా కాదన్నారు.

బస్తీ తరపున ఫిర్యాదు రాశాను. సువార్తమ్మ సంగతి రాయలేదు.

మే 21

బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆఫీసరు పిలిచారు. సువార్తమ్మ, ఓబులమ్మ, నేను వెళ్లాం.

బ్యాంకు మేనేజర్, కంప్యూటర్‌కు కులం లేదు, మతం లేదు సార్, అందరినీ ఒకేలా చూస్తుంది అన్నాడు. మాలో ఒక్కరి ముఖమైనా చూసిందా అని అడగాలి. లేచాను. నీళ్లు తాగి కూర్చున్నాను. నా మీద నాకే కోపం వచ్చింది.

అప్పుడు సువార్తమ్మ లేచింది. వద్దని చెయ్యి పట్టుకున్నాను. విడిపించుకుంది. సార్, నేనే రెండుసార్లు పెట్టిన, బస్తీ అడ్రసుకు ఫెయిల్, మియాపూర్ అడ్రసుకు పాస్, మనిషినైతే నేనొక్కదాన్నే గదా అంది.

ఆఫీసరు చాలాసేపు రాసుకున్నారు. ఒకే నంబరు మీద చాలా ఇళ్లుంటే ఇకమీదట బ్యాంకు మనిషి స్వయంగా వచ్చి చూడాలి, కాదంటే ఎందుకో తెలుగులో రాసివ్వాలి అని ఆర్డరు వేశారు.

మేనేజర్ తల ఊపాడు. ఊపి, తప్పుడు అడ్రసు ఇచ్చింది కాబట్టి ఈమె లోన్ రద్దు సార్ అన్నాడు. ఆఫీసరు దానికి అడ్డు చెప్పలేదు.

వాళ్లు నలభై ఇళ్లను ఎగవేతదారుడి ఇల్లు చేస్తే తప్పు కాదు. మేము ఒక్క నంబరు మారిస్తే తప్పు!

బస్సులో ఓబులమ్మ ఒకటే తిట్లు. మిషన్ ఇంటికొచ్చినంక చెప్పరాదే పిచ్చిదానా అని. సువార్తమ్మ కిటికీ వైపు తిరిగి, అందాక నీ కూల్‌డ్రింకులు సల్లగుంటయా అత్తా అంది. సువార్తమ్మ టికెట్ కూడా ఓబులమ్మే తీసుకుంది.

మే 24

సువార్తమ్మ మళ్లీ అప్లికేషన్ పెట్టింది. బస్తీ అడ్రసుతో.

జూన్ 14

బడులు తెరిచారు. బ్యాంకు మనిషి ఇంకా రాలేదు.

సువార్తమ్మ వాకిట్లో కుర్చీ వేసింది. రోజూ తుడుస్తుంది. అందులో ఎవర్నీ కూర్చోనివ్వదు. నన్ను కూడా.