ముందు అమ్మాయి, వెనక అనుమానం

కోచ్ మేడం గారికి,

నమస్కారం. పోస్టులో మీరు పంపే కాగితాలు చూసి దూరపు పరుగు నేర్చుకుంటున్న అమ్మాయి తండ్రిని. రైల్లో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. వాళ్లమ్మ పోయాక ఇంట్లో మేమిద్దరమే. వచ్చే పందెంలో నెగ్గితే మీ ఊరి స్పోర్ట్స్ హాస్టల్లో సీటు వస్తుందని మా అమ్మాయి గంపెడాశ పెట్టుకుంది.

మీరేమో "నెమ్మదిగా పరుగెత్తాలి, కాసేపు పరుగు, కాసేపు నడక" అని రాశారు. నెమ్మదిగా పరుగెత్తడమేమిటండీ? నేను రోజూ సైకిలు మీద వెనకాలే వెళ్లి చూస్తున్నాను. నిన్న పాలక్యాన్లు మోసుకుంటూ ఒకాయన మమ్మల్ని దాటిపోయాడు. పైగా వెనక్కి తిరిగి, ఏమైనా సాయం కావాలా అని అడిగాడు. నా సర్వీసులో "నెమ్మదిగా సార్, నెమ్మదిగా" అన్నవాడి దగ్గర ఎప్పుడూ టికెట్ లేదు.

ఇట్లు,
అమ్మాయి తండ్రి

తా.క.: మీరెప్పుడైనా పరుగెత్తారా? ఉంటే ఫొటో పంపగలరు. పరుగెత్తుతున్నప్పటిదే కావాలి. నిలబడి తీయించుకున్నది చెల్లదు.

———

అన్నయ్య గారికి,

నమస్కారాలు. దూరం పరుగెత్తేవాళ్లకి ముందు కావాల్సింది వేగం కాదు, దమ్ము. పక్కవాళ్లతో కబుర్లు చెప్పగలిగినంత నెమ్మదిగా వెళ్తేనే గుండె గట్టిపడుతుంది. నిదానమే ప్రధానమని పెద్దలు ఊరికే అనలేదు.

మీ అనుమానం తీరడానికి ఒకటే దారి. సైకిలు మీద కూర్చుంటే ఎదుటివాళ్ల ఆయాసం అంతుపట్టదు. మీరూ దిగి అమ్మాయి పక్కనే పరుగెత్తండి. ప్రశ్నలు వేయండి. రొప్పకుండా జవాబు చెబితే వేగం సరిగ్గా ఉన్నట్టు.

ఇట్లు,
మీ చెల్లెలి లాంటి కోచ్

తా.క.: ఫొటో జత చేశాను. ఫొటో తీసేవాడు నన్ను అందుకోలేకపోయాడు, అందుకని వీపే పడింది.

———

కోచ్ మేడం గారికి,

ఫొటో అందింది. వీపు ఎవరిదైనా కావచ్చు.

మీరన్నట్టే, ఇద్దరికీ కొత్త బూట్లు కొని రోడ్డెక్కాను. అమ్మాయి అన్నిటికీ చక్కగా జవాబు చెప్పింది. చిక్కల్లా, మొదటి మలుపు దాటాక ప్రశ్న అడగడానికి నాకే ఊపిరి అందలేదు. అది చూసి ప్రశ్నలు కూడా తనే వేసుకుంది. ఇందులో నాకేదో కుట్ర కనిపిస్తోంది.

అదీగాక, పరుగెత్తుతూ పెదాలు కదుపుతోంది. ఎవరి పేరు జపిస్తోందో వినాలని రోజూ కాస్త కాస్త దగ్గరికి జరుగుతూ, ఇప్పటికి మోచేయి తగిలే దూరానికి వచ్చాను. "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటోంది. మనసుకి తర్ఫీదట, మీరే చెప్పారట. ఎవడికి ఇంకొంచెం?

సాయంత్రాలు కళ్లు మూసుకుని పందెం దారంతా మనసులోనే పరుగెత్తమని కూడా రాశారు. కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లుల్ని చాలా చూశాను కనక, కాపలాగా నేనూ పక్కన కూర్చుని కళ్లు మూశాను. నాకు స్లీపర్ బోగీ కనిపించింది. అందరి దగ్గరా టికెట్లున్నాయి. మెలకువ వచ్చేసరికి అమ్మాయి ఇంట్లో లేదు. తర్వాత అడిగితే లైబ్రరీకి వెళ్లానంది.

ఇట్లు,
అమ్మాయి తండ్రి

తా.క.: లైబ్రరీ నుంచి తల తడిసి వచ్చింది. ఏ పుస్తకం చదివితే తల తడుస్తుందో తెలియజేయగలరు.

———

అన్నయ్య గారికి,

నమస్కారాలు. చదువన్నాక చెమట పట్టడం సహజం. ఇక ఈ వారం వంతెన ఎక్కి దిగాలి. మీరు వెనకబడితే అవతలి వైపు అమ్మాయి ఏం చేస్తోందో మీకు తెలిసే వీలుండదు. ఆలోచించుకోండి.

ఇట్లు,
కోచ్

తా.క.: కిందటి కాగితంలో "బీపీ మాత్ర వేసుకోకుండా బయల్దేరకూడదు" అని పొరపాటున పడింది. పట్టించుకోకండి. మాత్ర మాత్రం వేసుకోండి.

———

కోచ్ గారికి,

ఈసారి నమస్కారం లేదు. పందెం ముంచుకొస్తుంటే "పరుగు సగానికి తగ్గించి, బాగా తిని పడుకోవాలి" అని రాస్తారా? పరీక్షల ముందు పుస్తకాలు అటకెక్కించమనే మాస్టారుని నేనింతవరకు చూడలేదు. అవతలివాళ్లు మిమ్మల్ని కొనేశారని నాకు గట్టి అనుమానం.

అంతకన్నా పెద్దది ఇంకోటుంది. అమ్మాయీ నేనూ ఒకేరోజు కొన్న బూట్లతో ఒకే దారిలో పరుగెత్తుతున్నాం. నా బూట్ల అడుగు కొత్తగానే ఉంది. దాని బూట్ల అడుగు అరిగి బోడిగుండైంది. అంటే నాకు తెలియకుండా ఇంకెక్కడో పరుగెత్తుతోంది. ఎవరి వెంట? తిరుగు టపాలో నిజం రాయకపోతే పందెం నుంచి దాని పేరు తీయించేస్తాను. హాస్టలూ లేదు, ఏమీ లేదు.

ఇట్లు,
అమ్మాయి తండ్రి

తా.క.: నాకు బీపీ ఉందని మీకెవరు చెప్పారు?

———

అన్నయ్య గారికి,

పేరు తీయించకండి, చెప్పేస్తాను. మీ అమ్మాయి రోజూ సాయంత్రం కాలేజీ గ్రౌండులో పరుగెత్తుతోంది. ఎవరి వెంటా కాదు, ముందు ఎవరైనా ఉంటే కదా. తన తర్ఫీదు కాగితాలు కాలేజీకి పంపుతాను. మీ ఇంటికి వచ్చేవి తనవి కావు. మీవి.

డాక్టరు నడవమంటే మీరు ఆయన చదువునే అనుమానించి వచ్చేశారట. మూడో అంతస్తులోని మీ వాటాకి ఎక్కుతూ, ప్రతి మలుపులో కరెంటు మీటర్లు చూస్తున్నట్టు ఆగి రొప్పుతారట. "నాన్న ఆగకుండా మెట్లెక్కేదాకా నేను హాస్టలుకి రాను మేడం. చెబితే కదలడు. అనుమానమొస్తే మాత్రం ఎంత దూరమైనా వస్తాడు" అని రాసింది. మేమిద్దరం కలిసి చేసిన పని ఇది. తప్పయితే మన్నించండి.

విశ్రాంతి మాత్రం నిజంగా ఇద్దరికీ రాశాను. పందెం ముందు కాళ్లు సేదతీరాలి.

ఇట్లు,
కోచ్

తా.క.: ఆ వీపు నాదే.

———

చెల్లెమ్మకి,

ఆశీస్సులు. ఉద్యోగమంతా లోకాన్ని తనిఖీ చేశాను, చివరికి నా కూతురు నన్ను తనిఖీ చేసింది. కోపం రావాలి. ఏడుపొచ్చింది.

పందెంలో మన అమ్మాయి నెగ్గడం మీరూ చూశారు. ఆ రోజు మిమ్మల్ని వెనక నుంచి కూడా చూశాను. వీపు సరిపోయింది. బీపీ, షుగరు బాగా తగ్గాయని రిపోర్టు వచ్చింది. ల్యాబువాళ్ల మీద నాకు అనుమానంగానే ఉంది.

ఇంటికొచ్చాక, హాస్టలుకి వచ్చే ఏడు వెళ్తాలే నాన్నా అంది. దాన్ని వెంటబెట్టుకుని మెట్లెక్కడం మొదలుపెట్టాను. రెండో మలుపులో ఒక బుద్ధి పుట్టింది. ఇక్కడ ఒక్క క్షణం ఆగి, గోడ పట్టుకుని రొప్పితే చాలు, పిల్ల నా దగ్గరే ఉండిపోతుంది. దానికి సీటు పోతుంది. ఆగలేదమ్మా. పైదాకా ఎక్కేశాను. పైన అది నన్ను పట్టుకుని ఏడ్చింది. మొన్న బండెక్కించాను. అన్నం సరిగా తింటోందో లేదో చూస్తూ ఉండండి, అడిగితే తిన్నాననే చెబుతుంది.

ఇట్లు,
మీ అన్నయ్య

తా.క.: ఇప్పుడు పొద్దున్నే ఒక్కణ్నే వెళ్తున్నాను. ముందు అనుమానించడానికి మనిషి లేక నా వేగం బొత్తిగా పడిపోయింది. దీనికేమైనా తర్ఫీదు ఉంటే రాయగలరు.